పేర్లున్నాయి, అల్లికల్లేవు

పోయిన వారం వీరదుర్గను మనం కంప్యూటరు ముందు వదిలేసి వచ్చాం. వలపాలెం మహిళా లేసు సంఘం గదిలో, కిటికీ పక్కన, చీర కొంగుతో ముఖం తుడుచుకుంటూ కూర్చుని ఉంది. తెర మీద పేర్లన్నీ ఉన్నాయి. చేపముల్లు, మల్లెపందిరి, గవ్వల వరస, తామరాకు, నెమలికన్ను. ఏ పేరు తెరిచినా లోపల ఏమీ లేదు. అలాంటి ఫైలు లేదని మిషను జవాబు చెబుతోంది.

అవన్నీ సంపూర్ణమ్మ డిజైన్లు. జీవితమంతా ఆమె తన బుర్రలోంచి తీసి అల్లినవి. ఇప్పుడు ఆమె వేళ్ళు బిగుసుకుపోయాయి, సూది పట్టలేదు. అందుకని ఆమె దగ్గరున్న శాంపిళ్ళను ఒక్కొక్కటే స్కానరు మీద పరిచి బొమ్మ తీసి మిషనులో దాచారు. దాచాక శాంపిళ్ళను విప్పేశారు. కాబట్టి ఈ బొమ్మలు పోతే ఆ డిజైన్లు ఈ లోకంలో ఇంకెక్కడా లేవు. సోమవారం ఢిల్లీ నుంచి కొనేవాళ్ళు వస్తున్నది వాటిని చూడటానికే.

విప్పడమేమిటని కొత్తగా చదివేవారికి అనిపించవచ్చు. నర్సాపురం చుట్టుపక్కల లేసు అల్లే ఆడవాళ్ళకు అదొక అలవాటు. ఒక శాంపిలు దొరికితే దాన్ని చూసి చూసి కొత్తది అల్లుతారు. కొత్తది చేతికి వచ్చాక పాతదాని కొస పట్టుకుని లాగేస్తారు. దారం మళ్ళీ ఉండకు చేరుతుంది. దారం కలిసివస్తుంది, డిజైను పరాయివాళ్ళ కంట పడకుండా ఉంటుంది. నకలు తయారయ్యాక కూడా అసలును పెట్టుకుని కూర్చునే ఆడదాన్ని బద్ధకస్తురాలంటారు.

వీరదుర్గ మిషనులోనూ అదే చేసింది. ఆ మిషను డిస్కులో రెండు అరలున్నాయి. బొమ్మలు ముందు అరలో ఉండేవి. అది నిండిపోయి కొత్త బొమ్మలు పట్టనంది. వెనక అరలో బ్యాకప్ అనే సంచీ ఉంది. అందులో అన్ని పేర్లూ ఉన్నాయని ఒకటికి రెండుసార్లు చూసుకుని, ముందు అరలోవి చెరిపేసింది. ఆ తర్వాత రెండు కొత్త బొమ్మలు కూడా ఎక్కించింది. నిన్న సాయంత్రం ఎవరో నెమలికన్ను చూపించమంటే తెరవబోయి తెల్లబోయింది.

* * *

పొద్దున్నే గుమ్మం దగ్గర చెప్పులు విడిచిన చప్పుడయింది. సంఘం ప్రెసిడెంటు ఇంద్రజ లోపలికి వచ్చింది. భీమవరం దగ్గర రాజుల ఇంటి ఆడపడుచు, బీకాం చదివింది, ఏ పనైనా ఆమె మొదలెడితే ఆగదు. వెనకాలే పాలకొల్లు నుంచి లాజరు. ఒకప్పుడు టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపి, ఇప్పుడు దాన్నే కంప్యూటరు ఇన్‌స్టిట్యూట్ చేశాడు. విండోస్ అయితే కొనాలి, ఇదైతే కొనక్కర్లేదని చెప్పి ఈ మిషనుకు లినక్స్ ఎక్కించింది అతనే. అందరూ మాస్టారంటారు.

"ఏంటిది దుర్గా?" అంది ఇంద్రజ.

"పేర్లున్నాయండి."

"పేర్లుంటే?"

"తెరుచుకోవట్లేదండి."

"పేరుండి తెరుచుకోకపోవడం ఏంటి? తలుపుంది, ఇల్లు లేదు అన్నట్టు!"

"ఆయ్. అచ్చంగా అలాగే ఉందండి."

గోడవార చాప మీద కూర్చుని అల్లుకుంటున్న లోవమ్మ ఫక్కుమంది. సంఘంలో అందరికంటే వేగంగా అల్లేది ఆమే. చేతులకంటే నోరు ఇంకా వేగం. "మరేనండి, మా ఆయన రేషన్ కార్డు కూడా అంతే. పేరుంటది, బియ్యం రావు" అంది.

"నువ్వూరుకో లోవమ్మా" అంది ఇంద్రజ. కుర్చీ లాక్కుని వీరదుర్గకు ఎదురుగా కూర్చుంది. "సూటిగా అడుగుతాను, సూటిగా చెప్పు. వీటిని ఎవరికైనా ఇచ్చావా?"

వీరదుర్గకు ఒక క్షణం అర్థం కాలేదు. "ఇవ్వడమేంటండి?"

"పోయిన వారం నర్సాపురంలో లేసు కొనే ఏజెంటు ఇంటికి వెళ్ళావట. అతనికి ఈ డిజైన్ల మీద ఎప్పట్నుంచో కన్ను. నువ్వు వెళ్ళొచ్చావు. ఇక్కడ బొమ్మలు లేవు. నేనేం అనుకోవాలి?"

"మా ఆడపడుచు కూతురి పెళ్ళి పిలుపులకి వెళ్ళానండి. వాళ్ళ వీధిలో పది ఇళ్ళకి బొట్టు పెట్టాను. ఆ ఇల్లూ అందులో ఒకటి."

"ఇచ్చి, తర్వాత చెరిపితే ఇంక అతనిదొక్కటే మిగులుద్ది కదా."

ఆ ఆలోచన వీరదుర్గకు రాలేదు గానీ, విన్నాక అదీ నిజమే అనిపించేలా ఉంది. తానే చేసి మర్చిపోయిందా అని కూడా ఒక పిచ్చి అనుమానం వచ్చింది. చేపల బుట్ట నెత్తిన పెట్టుకుని పేట పేట తిరిగిన మనిషి ఆమె. పెద్దయ్యాక రాత్రి బడిలో అక్షరాలు దిద్దింది. ఈ మిషను కోసం ఇంగ్లీషు అక్షరాలు ఒక్కొక్కటే మొహం గుర్తు పట్టడం నేర్చుకుంది. సంఘంలో ఇంతమంది ఉండగా ఈ కుర్చీ తనకు ఇచ్చారని ఎంత గర్వపడిందో ఆమెకే తెలుసు.

ఇంద్రజ చెయ్యి చాపింది. "గది తాళాలు ఇలా ఇవ్వు. బొమ్మలు దొరికితే చూద్దాం. దొరక్కపోతే ఈ గదిలోకి నువ్వు రానక్కర్లేదు. సంఘంలోకీ రానక్కర్లేదు."

వీరదుర్గ బొడ్డున దోపుకున్న తాళాల గుత్తి తీసి బల్ల మీద పెట్టింది. మూల స్టూలు మీద కూర్చున్న సంపూర్ణమ్మ వైపు చూసింది, ఒక్క మాటైనా అంటుందేమోనని. వరసకు అత్త అవుతుంది. చిన్నప్పుడు సూది పట్టడం నేర్పింది ఆవిడే. సంపూర్ణమ్మ తన బిగుసుకున్న వేళ్ళను ఒళ్ళో పెట్టుకుని నేల చూస్తోంది. పోయినవి ఆవిడ బిడ్డల్లాంటివి, బాధలో ఉంది కాబోలు అనుకుంది వీరదుర్గ.

* * *

"మిషను నేను పాలకొల్లు తీసుకెళ్ళిపోతానండి" అన్నాడు లాజరు. "అక్కడైతే నింపాదిగా చూడొచ్చు."

"గడప దాటడానికి వీల్లేదు" అంది ఇంద్రజ. "ఏం చేసినా ఇక్కడే, అందరి ముందూ చెయ్యండి."

లాజరు గొంతు సవరించుకుని కీబోర్డు దగ్గరకు జరిగాడు. నల్లటి తెర మీద ఎల్, ఎస్ అని కొట్టి, పక్కన ఒక చిన్న గీత పెట్టి మళ్ళీ ఎల్ కొట్టాడు. బ్యాకప్ సంచీలోని పేర్లు ఈసారి దాచినవాళ్ళ పేర్లతో సహా పొడుగ్గా విచ్చుకున్నాయి. అన్నీ ఎర్రగా మిణుకుమిణుకుమంటున్నాయి. ప్రతి పేరు చివరా ఒక చిన్న బాణం గుర్తు. బాణం తర్వాత ముందు అర దారి.

"ఇవి నకళ్ళు కావండి" అన్నాడు. "ఎల్‌ఎన్ అనే ఆజ్ఞతో పెట్టిన బోర్డులు. ఫలానావారి ఇంటికి దారి అని సెంటర్లో బాణం వేసి బోర్డు పెడతారు చూడండి, అలాంటివి. ఇల్లున్నంత కాలం బోర్డు పట్టుకుని ఇంట్లోకి వెళ్ళొచ్చు. ఈవిడ ఇల్లు పడగొట్టారు. బోర్డు మిగిలింది."

"నేను రోజూ అక్కడే తెరిచి చూసేదాన్ని కదండీ" అంది వీరదుర్గ. "బొమ్మ కనపడేది."

"కనపడుద్దండి. బోర్డు మీద నొక్కినా ఇంట్లోకే తీసుకెళ్తుంది. పైకి తేడా తెలీదు."

"తేడా తెలీకపోతే నాకెలా తెలుస్తుందండి?"

వీరదుర్గ తెరకు దగ్గరగా వంగి, పేర్ల వరసలో మధ్యనున్న అక్షరాలను వేలితో చూపించింది. "నేను దాచినవాటి మీద దుర్గ అని ఉంటుంది. నాకంటే ముందు మంజుష గారు దాచినవాటి మీద మంజుష అని ఉంటుంది. వీటి మీద ఆర్, ఓ, ఓ, టీ అని ఉంది. ఆవిడెవరండి?"

"మన సంఘంలో మెంబరేనా?" అంది లోవమ్మ. "చందా కట్టిందా?"

"మనిషి కాదమ్మా" అన్నాడు లాజరు విసుగ్గా. "రూట్. మిషనుకు పెద్ద. అదంతా ఇప్పుడెందుకు? ముందు పోయినవాటి సంగతి చూద్దాం."

"బోర్డులు పాతింది ఎవరు మాస్టారూ?" అంది ఇంద్రజ.

"బ్యాకప్ చేసింది మీ మంజుష గారే కదండీ."

మంజుష ఇంద్రజ అక్క కూతురు. వీరదుర్గకంటే ముందు ఈ మిషను చూసుకున్నది ఆ పిల్లే. పెళ్ళయి భీమవరం వెళ్ళిపోయింది. ఇంద్రజ బల్ల మీది ఫోను తీసి ఆ పిల్ల అత్తవారింటికి కలిపింది. అవతలి గొంతు గదిలో అందరికీ వినపడుతోంది.

"బోర్డులేంటి పిన్నీ? నేను సీపీ కొట్టాను. సీ, పీ. కాపీ. ఒక్కో డిజైనూ వెనక అరలోకి కాపీ చేశాను."

"లాజరు మాస్టారు అవి కాపీలు కావంటున్నారు. ఏదో ఎల్‌ఎన్ అంట."

"పొరపాటున అది కొట్టి ఉంటారండి" అన్నాడు లాజరు ఫోను వైపు వంగి. "కొత్తలో అందరికీ జరుగుద్ది."

"మాస్టారూ, అసలు ఎల్‌ఎన్ అనేది ఒకటుందని నాకు ఇప్పుడు మీరు చెబితే తెలిసింది! తెలీనిదాన్ని పొరపాటున ఎలా కొడతాను?"

లాజరు వెనక్కి వాలాడు. ఇంద్రజ ఫోను పెట్టేసి నుదురు రుద్దుకుంది. మంజుష అబద్ధం చెప్పే పిల్ల కాదు. తెర మీద బాణాలు కళ్ళెదురుగా ఉన్నాయి. కాపీ చేశానని ఒకరు, కాపీ కాదని ఒకరు, చూసే చెరిపానని ఇంకొకరు. అందరూ నిజమే చెబుతున్నట్టున్నారు, మొత్తం కలిపితే మాత్రం నిజం కావట్లేదు.

"నాకు తల తిరుగుతోంది" అంది ఇంద్రజ. "పోయినవి వస్తాయా రావా, అది చెప్పండి."

* * *

వస్తాయని లాజరు అనలేదు, రావనీ అనలేదు.

"చెరపడమంటే బొమ్మను తుడిచెయ్యడం కాదండి. బొమ్మకీ పేరుకీ మధ్య ముడి విప్పుతుంది, అంతే. ఈ చోటు ఖాళీ అని రాసుకుంటుంది. ఆ చోట్లో ఇంకోటి వచ్చి కూర్చునేదాకా పాతది అక్కడే పడి ఉంటుంది."

"అంటే విప్పిన దారం లాగా అన్నమాట" అంది లోవమ్మ. అల్లుతున్న చెయ్యి ఆపకుండానే చెప్పింది. "లేసు విప్పినా దారానికి ఆ మెలికలు పోవు. అది ఏ డిజైనుదో మెలికలు చూసి చెప్పొచ్చు. మళ్ళీ దాంతో ఇంకోటి అల్లితే అప్పుడు పోతాయి."

"అలాంటిదే" అన్నాడు లాజరు. "అందుకే ఈవిడ చెరిపాక కొత్త బొమ్మలు ఎక్కించకుండా ఉండాల్సింది. అవి వేటి నెత్తిన కూర్చున్నాయో."

వీరదుర్గ కళ్ళు మూసుకుంది.

లాజరు సంచీలోంచి ఇంకో డిస్కు తీసి మిషనుకు తగిలించాడు. లోపలి డిస్కును కదపకుండా, తాను తెచ్చిన సీడీతో మిషనును లేపాడు. ముందుగా పాత డిస్కు మొత్తాన్నీ ఉన్నదున్నట్టు, ఖాళీ చోట్లతో సహా, కొత్త డిస్కులోకి నకలు తీయాలట. దానికి డీడీ అని ఒక ఆజ్ఞ ఉంది. వెతుకులాట ఏదైనా ఆ నకలు మీదే చెయ్యాలి, అసలు జోలికి వెళ్ళకూడదు.

"మళ్ళీ నకలేనా?" అంది లోవమ్మ. "నకలు వల్లే కదండీ ఇంత గొడవ."

"ఇది నిజం నకలమ్మా."

"ఏది నిజం నకలో ఏది దొంగ నకలో మొహం మీద రాసుంటే బాగుండును."

"ముందు అర ఒక్కటే తీస్తే చాలండి" అన్నాడు లాజరు ఇంద్రజతో. "పోయినవి అందులోవే. వెనక అరలో ఉన్నవన్నీ బాణాలే, దాన్ని నకలు తియ్యడం టైము దండగ."

"సగం పని నాకు నచ్చదు మాస్టారూ. మొత్తం తియ్యండి."

అతను డీడీ ఆజ్ఞ కొట్టాడు. తెర మీద ఏ కదలికా లేదు. ఎంత అయిందో, ఎంత ఉందో చెప్పదు. మిషను లోపల కీచుకీచుమని చప్పుడు వస్తోంది. ఇంద్రజ లేచి నిలబడేది, మళ్ళీ కూర్చునేది. కరెంటు పోకుండా చూడమని లోవమ్మ భీమవరం మావుళ్ళమ్మ తల్లికి మొక్కుకుంది. వీరదుర్గ ఏ పనీ లేక బల్ల మీది దుమ్ము తుడిచింది. తుడిచినచోటే మళ్ళీ తుడిచింది. తాళాల గుత్తి దగ్గరకు వచ్చినప్పుడు దాన్ని తాకకుండా చుట్టూ తుడిచింది.

మధ్యాహ్నం భోజనాలకు ఎవరూ లేవలేదు.

* * *

నకలు పూర్తయ్యాక లాజరు ఇంకో ప్రోగ్రాం నడిపించాడు. అది డిస్కు నకలును మొదటి నుంచీ చివరిదాకా తడుముకుంటూ పోతుంది. ఫొటో ఫైలు ఎక్కడ మొదలవుతుందో దానికొక గుర్తు ఉంటుంది. ఆ గుర్తు తగిలినచోటల్లా బొమ్మను పైకి లాగుతుంది. పేర్లు మాత్రం రావు. పేరు ముడి ఎప్పుడో తెగిపోయింది కాబట్టి వట్టి నంబర్లతో వస్తాయి.

"అంటే పొద్దున్న పేర్లున్నాయి, బొమ్మల్లేవు" అంది ఇంద్రజ. "ఇప్పుడు బొమ్మలుంటాయి, పేర్లుండవు."

"అంతేనండి."

"మీ లినక్స్‌కి రెండూ ఒక్కసారి ఇవ్వడం చేతకాదా?"

మొదటి బొమ్మ వచ్చింది. నల్లటి గుడ్డ మీద పరిచిన తెల్లటి లేసు, అంచు వెంట సన్నటి ముళ్ళు.

"చేపముల్లు!" అని వీరదుర్గ, లోవమ్మ ఒకేసారి అరిచారు. లోవమ్మ సూది కింద పడేసి లేచి వచ్చింది.

తర్వాత గవ్వల వరస. తర్వాత తామరాకు. ఒకటి తర్వాత ఒకటి వస్తున్నాయి. వీరదుర్గ ఒక్కోదానికీ పేరు చెబుతుంటే ఇంద్రజ రాసుకుంటోంది. పొద్దున్న అంత మాటన్న మనిషే ఇప్పుడు "ఇదేంటి దుర్గా? మరి ఇది?" అని అడుగుతోంది.

మల్లెపందిరి వచ్చింది. పైన పందిరి ఉంది, కింద పువ్వుల్లేవు. సగం నుంచి కిందికి బూడిద రంగు.

"ఇదేంటండి?"

"దీని చోట్లో మీ కొత్త బొమ్మ కూర్చుంది" అన్నాడు లాజరు. "మిగిలింది ఇంతే."

ఆ తర్వాత నెమలికన్ను. అది ఇంకా ఘోరం. మూడొంతులు బూడిద. పైన ఒక వంపు మాత్రం మిగిలింది. ఆ వంపును చూసి కింద కన్ను ఎలా తిరుగుతుందో చెప్పడం ఎవరి తరమూ కాదు. ఢిల్లీవాళ్ళు ప్రత్యేకంగా అడిగింది దాన్నే. అల్లగలిగినది ఒక్క సంపూర్ణమ్మే, ఆమె వేళ్ళు ఇక వంగవు.

వీరదుర్గ వెళ్ళి సంపూర్ణమ్మ కాళ్ళ దగ్గర కూలబడింది. "అత్తా, నెమలికన్ను పోయింది. నేనే పోగొట్టాను. మిగతావన్నీ వచ్చినా అది రాదు."

సంపూర్ణమ్మ ఆమె తల మీద చెయ్యి వేసింది. తల తిప్పి లాజరు వైపు చూసింది.

"అయిపోయిందండి" అన్నాడు లాజరు. "ముందు అర వరకూ వెతికేసింది. ఇంక రావలసినవేం లేవు. ఆపేస్తాను." అతని వేళ్ళు ఆపే మీటల మీదకు వెళ్ళాయి.

"ఉండండి" అంది ఇంద్రజ. "మిషను ఇంకా కీచుమంటోంది కదా."

"అది వెనక అర తడుముతోందండి. అక్కడ బాణాలే."

"తడమనివ్వండి."

అతని వేళ్ళు మీటల మీదే ఉన్నాయి. ఇంద్రజ లేచి వచ్చి అతని భుజం పక్కన నిలబడింది. అతను చేతులు వెనక్కి తీసుకున్నాడు.

తెర మీద కొత్త బొమ్మ పడింది. చేపముల్లు.

"ఇది వచ్చేసింది కదా?" అంది లోవమ్మ.

తర్వాత గవ్వల వరస. తర్వాత తామరాకు. మొదట ఏ వరసలో వచ్చాయో అదే వరసలో, మళ్ళీ మొదటి నుంచి వస్తున్నాయి.

"ఒక్కోసారి డిస్కు అలా రెండుసార్లు చూపిస్తుందండి" అన్నాడు లాజరు. "ఒకే బొమ్మ రెండుసార్లు. పట్టించుకోవద్దు."

ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. మాస్టారు చెప్పాడు కాబట్టి అలాగే కాబోలు అనుకున్నారు. ఇంద్రజ కూడా కుర్చీ వైపు తిరిగింది. అప్పుడే మల్లెపందిరి వచ్చింది.

పందిరి ఉంది. పందిరి కింద పువ్వులూ ఉన్నాయి. ఒక్క గీత బూడిద లేకుండా, నిండుగా.

ఇంద్రజ నిలబడినచోటే ఆగిపోయింది. "మాస్టారూ, ఒకే బొమ్మను రెండుసార్లు చూపిస్తోందన్నారు."

"అవునండి."

"ఒకే బొమ్మయితే మొదటిసారి సగం ఉంది, రెండోసారి నిండుగా ఎలా ఉంటుంది? సగం చినిగిన చీరను ఎన్నిసార్లు మడత విప్పినా చినిగే ఉంటుంది కదా?"

అంతలో నెమలికన్ను వచ్చింది. వంపు, వంపు కింద మెడ, మెడ కింద కన్ను, కన్ను చుట్టూ తిరిగి తిరిగి వచ్చి తనలోనే కలిసిపోయే ఆ సన్నటి అల్లిక, మొత్తం. వీరదుర్గ నేల మీద నుంచే చూసింది. ఏడుస్తోందో నవ్వుతోందో ఆమెకే తెలియలేదు. లోవమ్మ రెండు చేతులూ జోడించి తెరకే దణ్ణం పెట్టేసింది.

ఇంద్రజ మాత్రం సంతోషించలేదు. ఆమె ముఖం ఇంకా ముడుచుకుంది. ఒక్కో మాటా తనకు తానే చెప్పుకుంటున్నట్టు నెమ్మదిగా అంది. "ఇవి వెనక అరలో దొరికాయి. అంటే వెనక అరలో ఒకప్పుడు నిజం కాపీలు ఉన్నాయి. మంజుష నిజంగానే కాపీ చేసింది. దుర్గ చెరిపింది ముందు అరలోవి. వెనకవి దుర్గ చెరపలేదు. అంతకంటే ముందే ఎవరో చెరిపారు. చెరిపి, తెలియకుండా ఉండటానికి అవే పేర్లతో బాణాలు పెట్టారు." ఆమె తల ఎత్తింది. "దుర్గ కాపీ ఉందని నమ్మి చెరిపింది. ఆ నమ్మకం కింద ముందే ఎవరో గొయ్యి తవ్వి, ఆకులు కప్పారు."

బల్ల మీది తాళాల వైపు ఇంద్రజ చెయ్యి వెళ్ళింది. తీసి వీరదుర్గకు ఇవ్వాలో, ఇంకా ఆగాలో తేల్చుకోలేక, గుత్తి పట్టుకుని అలాగే ఉండిపోయింది.

"ఎవరో ఏంటండి, ఆ ఏజెంటు మనిషే అయ్యుంటాడు" అంది లోవమ్మ. "లేకపోతే దుర్గే ముందోసారి..."

"దాన్నేం అనకండి."

అన్నది సంపూర్ణమ్మ. పొద్దుటి నుంచీ ఆవిడ నోరు విప్పడం అదే మొదటిసారి. స్టూలు మీద నుంచి గోడ పట్టుకుని లేచింది.

"ఏజెంటూ కాదు, దుర్గా కాదు. ఆ వెనకవి నేనే తీయించాను."

"మీరా?" అంది ఇంద్రజ. "మీ డిజైన్లు మీరే?"

"నేనేనమ్మా. పేర్లు అలాగే ఉండాలి, వెనక మాత్రం ఏమీ ఉండకూడదు, ఎవరికీ తెలియకూడదు అని అడిగాను. ముందువి ఉన్నాయి కదా, ఎవరికీ నష్టం లేదనుకున్నాను. దుర్గ వాటిని చెరుపుద్దని నాకేం తెలుసు?"

వీరదుర్గ ఆవిడ కాళ్ళ దగ్గర నుంచి లేచింది. "పొద్దుటి నుంచీ నన్ను ఇంతలేసి మాటలంటుంటే వింటూ కూర్చున్నావా అత్తా?"

సంపూర్ణమ్మ తల వంచుకుంది. "నోరు విప్పితే ఇంకొకరి పేరు కూడా చెప్పాలి. చెప్పనని మాటిచ్చాను."

"ఎందుకు తీయించారు?" అంది ఇంద్రజ. "ఎవరి కోసం?"

"ఎవరి కోసమూ కాదమ్మా, రెండో నకలుంటే పరాయివాళ్ళ చేతిలో పడుద్దని నా భయం. నేను అడిగినందుకే అతను తీశాడనుకున్నాను. ఇవాళ ఆ మీటల మీద చేతులు చూశాక, ఆపేద్దాం ఆపేద్దామంటుంటే విన్నాక, నేను అడిగింది వేరు, అతను చేసింది వేరనిపిస్తోంది." సంపూర్ణమ్మ గోడ వదిలి ఒక అడుగు ముందుకు వేసింది. "అతను ఇక్కడే ఉన్నాడు. ఆ నోటితోనే చెప్పించండి."

ఆ గదిలో ఉన్న మగమనిషి లాజరు ఒక్కడే. లినక్స్ ఎక్కించి రూట్ పేరు వాడుకునేదీ అతనే.

అతను తన సంచీ దగ్గరకు లాక్కున్నాడు. బొమ్మలన్నీ దొరికాయి కదా, ఇంక తన పని అయిపోయిందని ఏదో గొణుగుతూ లేవబోయాడు. ఇంద్రజ చేతిలోని తాళాల గుత్తిని వీరదుర్గ అడగకుండానే తీసుకుంది. వెళ్ళి గది తలుపు మూసి, లోపలి నుంచి తాళం వేసింది.

"కూర్చోండి మాస్టారూ" అంది. "నకలు చేతిలో లేకుండా ఎవరూ అసలును విప్పరు. వీటి నకలు మీ దగ్గర ఇంకెక్కడుందో చెప్పి వెళ్ళండి."